కండక్టర్ కెంపమ్మ చెప్పిన పేరు

పుంగనూరులో నేను పద్నాలుగేళ్ళుగా విలేఖరిని. పేరు దామోదర్. ఇన్నేళ్ళలో నా వార్తల్లో తప్పులు దొర్లకపోలేదు. కానీ జనం ఫోన్లలో దాచుకుని, నేను టీకొట్టు దగ్గర కనిపించినప్పుడల్లా తీసి చూపించి నవ్విన తప్పు ఒక్కటే ఉంది. ‘జయచంద్ర గెలుపు లాంఛనమే’ అని జిల్లా పేజీలో పైన అచ్చయిన వార్త అది. ఆ వార్త తప్పని అందరికంటే ముందు చెప్పింది ఒక బస్సు కండక్టరు. ఆమె పేరు కెంపమ్మ.

సంగతేమిటంటే, జిల్లా పరిషత్ ఎన్నికలు దగ్గర పడుతుండగా ఒక పార్టీ కొత్త పద్ధతి పెట్టింది. పార్టీ పేరు ఇక్కడ అనవసరం. తమ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చెయ్యాలో ఈసారి పెద్దలు గదిలో కూర్చుని తేల్చరనీ, సభ్యత్వం ఉన్న ప్రతివాళ్ళూ ఓటు వేసి తేలుస్తారనీ ప్రకటించింది. అసలు ఎన్నికకు ముందు పార్టీ లోపల ఇంకో ఎన్నిక అన్నమాట. ఇలాంటిది మావైపు ఎవరూ ఎరగరు. దాంతో మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి కుప్పం రైల్వే స్టేషన్ దాకా ఎక్కడ నలుగురు చేరినా ఒకటే మాట. ఎవరు?

బరిలో ముగ్గురు నిలిచారు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలున్న జయచంద్ర ఒకరు. మదనపల్లెలో పేరున్న టమాటా మండీ వ్యాపారుల కుటుంబం నుంచి ఉదయ్ కిరణ్ ఇంకొకరు. ఈయన తాత, తండ్రి ఇద్దరూ పదవులు చేసినవాళ్ళు. మూడో పేరు యమున. చౌడేపల్లె మండలం నుంచి జిల్లా పరిషత్ సభ్యురాలు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, మహిళా సంఘాల్లో పనిచేస్తూ పైకి వచ్చిన మనిషి. జాబితాలో ఒక ఆడమనిషి పేరు కూడా ఉంటే బాగుంటుందని చేర్చారు తప్ప ఆమె పోటీలో లేనట్టేనని నేనే రాశాను. రాయడమే కాదు, నమ్మాను కూడా.

కెంపమ్మ నాకు చాలాకాలంగా తెలుసు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సులో ఆమె కండక్టరు. వయసు యాభై ఎనిమిది. పొట్టి మనిషి. ఎంత రద్దీలోనైనా సీట్ల మధ్య చేపపిల్లలా దూరిపోతుంది. గొంతు పెద్దది, చెవి అంతకంటే పెద్దదని డ్రైవర్ శివకుమార్ అంటుంటాడు. ఆ చెవి సంగతి చెప్పాలంటే ఆమె ఉద్యోగం సంగతి నుంచి మొదలుపెట్టాలి.

చౌడేపల్లె దగ్గర ఒక చిన్న పల్లె ఆమెది. తండ్రి తిమ్మప్ప ఒక ఆసామి దగ్గర పశువులు కాసేవాడు. తల్లి కూలికి పోయేది. కెంపమ్మ రోజూ నడిచి పోయి చౌడేపల్లె హైస్కూల్లో చదివింది. పదో తరగతిలో లెక్కలు తప్పింది, మళ్ళీ రాసి గట్టెక్కింది. ఆపైన గంగులప్పతో పెళ్ళి, రెండు ఆవులు, దొరికిన రోజు కూలి. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఒకరోజు పుంగనూరు సంతకు పోతుంటే, బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు నవ్వుకుంటున్నారట.

“ఆడోళ్ళను గూడా కండక్టర్లుగా తీసుకుంటాండారంటప్పా. ఇంకేముండాది, బస్సు ఆగినట్లే!”

కెంపమ్మ సంతకు పోలేదు. బస్టాండులో దిగి నేరుగా డిపోకు పోయి, గేటు దగ్గర ఉన్న మనిషిని అడిగింది. “అప్పా, ఆడోళ్ళను తీసుకుంటాండారంట గదా, కాగితం యాడ ఇస్తారు?” ఆ ఏడాది చివరికి ఆమె భుజాన టిక్కెట్ల సంచి వేలాడుతోంది. వాళ్ళ కుటుంబంలో నెలజీతం అందుకున్న మొదటి మనిషి ఆమే.

మొదటి నెలలోనే తండ్రి పనిచేసిన ఆసామి కొడుకు బస్సెక్కాడు. గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. వెనక జనం తోసుకుంటున్నారు. అంతవరకు ఆ ఇంటి ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడటమే తెలిసిన కెంపమ్మ, గొంతు సవరించుకుని, “లోపలికి జరగండప్పా, దావ ఇడవండి” అంది. అతను జరిగాడు. టిక్కెట్టు తీసుకున్నాడు. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు కూడా ఆమె ముఖం వెలిగిపోయింది. “ఆ పొద్దు నేను ఇంటికి నడిచి పోలేదప్పా, ఎగిరి పోయినాను” అంది.

బస్సులో విన్న మాట ఉద్యోగం ఇప్పించింది కాబట్టో ఏమో, ఆమె వినడం మానలేదు. మనిషి బస్సెక్కి కూర్చున్న పది నిమిషాలకు మనసులో ఉన్నది పక్కవాళ్ళతో చెప్పేస్తాడని ఆమె గట్టి నమ్మకం. ఆమె ఎవరినీ అడగదు. అడిగితే మనిషి జాగ్రత్తపడి ఇంకేదో చెబుతాడట. టిక్కెట్టు కొడుతూ, చిల్లర ఇస్తూ వింటుంది. అలా విని, వచ్చిన ప్రతి ఎన్నికకూ ముందు శివకుమార్‌తో ఒక పేరు చెప్పేది. దాదాపు అన్నీ నిజమయ్యాయి. ఒక్కటి మాత్రం ఘోరంగా తప్పింది. వాళ్ళ ఊరి పంచాయతీ ఎన్నికల్లో తనతోపాటు చదువుకున్న స్నేహితురాలు నిలబడితే, ఆమే గెలుస్తుందని చెప్పింది. స్నేహితురాలు చిత్తుగా ఓడింది.

“ఆ పొద్దు చెప్పింది నా చెవి కాదప్పా, నా ఆశ” అంది నాతో. “అప్పట్నుంచి నాకు ఇష్టమైన మనిషి నిలబడితే నా మాట నేనే నమ్మను.”

యమున పేరు జాబితాలోకి వచ్చినప్పుడు కెంపమ్మకు వచ్చిన ఇబ్బంది అదే. యమున ఆమెకు బంధువు కాదు, స్నేహితురాలూ కాదు. కానీ పక్క ఊరి పిల్ల, తనలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల. ఆమె గెలవాలని కెంపమ్మకు ఉంది. ఆ కోరిక ఉంది కాబట్టే, బస్సులో యమున పేరు ఎన్నిసార్లు వినిపించినా తన చెవిని తాను నమ్మలేదు. శివకుమార్ అడిగితే కూడా, “గమ్మునుండప్పా, ఇంకా వినాల” అనేది.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పటినుంచి ఆమె బస్సు స్వరూపమే మారిపోయింది. ఇదివరకు పదిమంది ఆడవాళ్ళు ఎక్కే చోట ముప్పైమంది ఎక్కుతున్నారు. మదనపల్లెలో టమాటా గ్రేడింగుకు పోయేవాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, కూతురిని చూసొద్దామని ఊరికే పోయేవాళ్ళు. ప్రతి ఒక్కరూ ఆధార్ కార్డు చూపించి జీరో టిక్కెట్టు తీసుకోవాలి. కార్డు నలిగిపోకుండా చాలామంది ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటారు. ఆ కవరులో ఆధార్ వెనకాలే ఇంకో కార్డు కనబడటం మొదలైంది. పార్టీ సభ్యత్వ కార్డు.

మొదట ఒకరిద్దరి దగ్గర చూసింది. తర్వాత గమనించి చూస్తే, పదిమందిలో నలుగురి దగ్గర ఉంది. వి.కోట దాటాక ఐదుగురి దగ్గర. ఒకామెను మాత్రం ఉండబట్టలేక అడిగింది.

“ఇదేందమ్మా, నువ్వు పార్టీలో ఉండావా?”

“నాకేం తెలుసు కండక్టరమ్మా! జయచంద్రప్ప మనుషులొచ్చి సంఘంలో అందరి ఆధార్లూ రాసుకుని పోయినారు. వారం దినాలకు ఈ కార్డులు ఇచ్చినారు. ఓటుండాదంట గదా దీనికి?”

నేను, నాలాంటి విలేఖరులందరం, గెలుపు తేల్చేది కండువా వేసుకుని మీటింగులకు వచ్చే మగవాళ్ళే అనుకుని లెక్కలు వేశాం. సంఖ్య కోసం జయచంద్ర వర్గం మహిళా సంఘాలను గుంపులు గుంపులుగా చేర్పించిందని మాకూ తెలుసు. అవన్నీ ఆయన ఓట్లేనని రాసుకున్నాం. ఆ కార్డులు పట్టుకున్న చేతులను దగ్గరగా చూసింది మాత్రం కెంపమ్మ ఒక్కతే.

అయినా ఆమెకు ఒక అనుమానం మిగిలింది. చౌడేపల్లె, పుంగనూరు వైపు యమున అందరికీ తెలుసు. పశువులకు లంపీ జబ్బు వచ్చి ఒళ్ళంతా బొబ్బలు కట్టినప్పుడు, డాక్టర్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేయించింది యమున. గంగులప్ప ఆవులు బతికింది కూడా అప్పుడే. కానీ కుప్పం జయచంద్ర సొంత ఊరు. అక్కడ యమున ఎవరికి తెలుసు? ఆ ఒక్కటీ తేల్చుకోవాలని తన సెలవురోజు యూనిఫాం లేకుండా, మామూలు చీర కట్టుకుని, ఇంకో బస్సులో ప్రయాణికురాలిగా కుప్పం పోయింది. గంగులప్ప ఆశ్చర్యపోయాడట. “సెలవు దినం గూడా బస్సేనా? నీకేమన్నా పిచ్చి పట్టిందా మే?”

కుప్పంలో ఆమె నేరుగా రైల్వే స్టేషన్‌కు పోయింది. బెంగళూరులో ఇళ్ళపనికీ, కుట్టుపనికీ పోయే ఆడవాళ్ళు అక్కడ రైలు కోసం గుంపులుగా కూర్చుంటారు. వాళ్ళ పక్కన తానూ టిఫిన్ డబ్బా తెరిచి కూర్చుంది. గంటసేపట్లో వానలు, పిల్లల చదువులు, బెంగళూరు యజమానురాళ్ళు అన్నీ అయ్యాక మాట ఎన్నిక మీదికి మళ్ళింది.

“మా ఆయన జయచంద్రప్పకే వెయ్యాలంటాడు.”

“మీ ఆయన ఓటు మీ ఆయన యేసుకుంటాడు లే. నీ కార్డు నీది గదా. యమునమ్మ గ్యాపకం లేదా నీకు? మన సంఘానికి పాఠాలు చెప్పేదానికి వచ్చిండ్లా?”

“ఆయమ్మేనా ఈయమ్మ!”

“ఆయమ్మే. నాకు సంతకం నేర్పించింది ఎవరనుకున్నావు? మూడు దినాలు మా ఇంట్లోనే ఉండింది. రాగిముద్ద తినింది, మాతో పాటే పండుకుంది.”

కెంపమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయిందట. యమున జిల్లా పరిషత్‌కు రాకముందు ఆరేళ్ళపాటు మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చే పనిలో కుప్పం, శాంతిపురం, వి.కోట పల్లెలన్నీ తిరిగిందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకునే ప్రయత్నమే నేను చెయ్యలేదు.

నా వార్త అచ్చయిన మూడో రోజు నేను పలమనేరు పోతూ కెంపమ్మ బస్సెక్కాను. నాకు ఫోన్లో నడిపే చిన్న వీడియో ఛానల్ కూడా ఉంది. అది చూసేవాళ్ళు పెద్దగా ఉండరు. ఆమె కాస్త తీరికగా వెనక సీట్లో కూర్చున్నప్పుడు, ఫోన్లో వీడియో తీస్తూనే అడిగాను.

“అమ్మా, నా వార్త చదివినావా?”

“చదివినా లే అప్పా. బాగా రాసినావు. కానీ అట్ల జరగదు.”

“మరి ఎవరు?”

“సూడప్పా, నేను ఎవురికీ ఓటెయ్యమని చెప్పేదాన్ని కాదు. నాది ప్రభుత్వ ఉద్యోగం. నువ్వు అడిగినావు కాబట్టి, విన్నది చెప్తాండా. ముగ్గురి గురించీ మాట్లాడుకుంటాండారు. జయచంద్రప్ప మాటొస్తే, కార్లు ఎన్నొచ్చినాయి, ఫ్లెక్సీలు ఎంత పొడుగుండాయి అంటారు. ఉదయ్ కిరణ్ మాటొస్తే, వాళ్ళ నాయన అట్లాంటోడు, వాళ్ళ తాత ఇట్లాంటోడు అంటారు. యమునమ్మ మాటొస్తే మాత్రం, మా ఇంటికొచ్చినప్పుడు ఇట్ల చేసింది, నాకిది నేర్పించింది అని ఎవురి సంగతి వాళ్ళు చెప్పుకుంటాండారు. ఒక మనిషి పేరెత్తినప్పుడు మనకు మన సంగతే గ్యాపకమొస్తే, ఓటు ఆడికే పోతాదప్పా. యమునమ్మ గెలుస్తాది. కుప్పంలో గూడా గెలుస్తాది.”

కుప్పంలో కూడా అన్న మాటకు నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు వీడియోలో వినబడుతుంది. ఆ సాయంత్రం, ఆమెను అడగకుండానే, మొదటి ముక్కలు కత్తిరించి ‘యమునమ్మ గెలుస్తాది’ అన్న ముక్కను నా ఛానల్లో పెట్టేశాను.

తెల్లారేసరికి లక్షమంది చూశారు. ‘కండక్టరమ్మ జోస్యం’ అని పేరు పెట్టి, వెనక పాటలు జోడించి, వాట్సాప్‌లో తిప్పారు. వెక్కిరించినవాళ్ళే ఎక్కువ. జయచంద్ర అనుచరుడొకడు వి.కోటలో బస్సెక్కి, అందరూ వినేలా అన్నాడు.

“ఏమక్కా, నీ యమునమ్మకు గూడా జీరో టిక్కెట్టేనా?”

కెంపమ్మ టిక్కెట్టు చించి చేతికిస్తూ, “టిక్కెట్టు జీరో అయితే ఏమప్పా, సీట్లో కూచున్నోళ్ళు జీరో కాదు గదా” అంది. బస్సులో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అతను తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు.

కానీ రెండోరోజుకు వ్యవహారం ముదిరింది. ప్రభుత్వ ఉద్యోగి యూనిఫాంలో ఉండి ఒక అభ్యర్థికి ప్రచారం చేస్తోందని డిపోకు ఫిర్యాదు అందింది. ఫిర్యాదు వచ్చాక విచారణ చెయ్యక తప్పదు. సంజాయిషీ రాసివ్వమన్నారు. తేలేదాకా బస్సు డ్యూటీ వద్దని ఆఫీసులో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ళలో ఆమె ఉద్యోగం మీద ఒక్క మచ్చ లేదు. నేను సంగతి తెలిసి పోయేసరికి, కాగితాల బల్ల దగ్గర ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

“యాల కత్తిరించినావప్పా?” అంది నెమ్మదిగా. “నేను ఓటెయ్యమని చెప్పేదాన్ని కాదని ముందే చెప్తి గదా. ఆ ముక్క తీసేసి, మిగిలింది పెడితివి.”

ఇంటికి పోయి కత్తిరించని వీడియో మొత్తం తీసుకుని మళ్ళీ డిపోకు వచ్చాను. మేనేజరు గదిలో బల్లమీద ఫోను పెట్టి మొదటినుంచి చివరిదాకా చూపించాను. తప్పు నాది అని రాసి సంతకం కూడా పెట్టాను. పూర్తి వీడియోను నా ఛానల్లో పెట్టి, క్షమాపణ కూడా చెప్పాను. మేనేజరు పద్ధతి గల మనిషి. రెండుసార్లు చూసి, కెంపమ్మను పిలిపించాడు.

“చూడమ్మా, ఇందులో ప్రచారం ఏమీ లేదు. కానీ ఈ ఎన్నిక అయ్యేవరకు బస్సులో ఈ విషయం మాట్లాడొద్దు.”

“నేనెప్పుడు మాట్లాడినాను సార్, వినేదే గదా నా పని.”

“వినడం వద్దని నేను చెప్పలేను కదా” అని ఆయన నవ్వాడట. ఐదో రోజు ఆమె మళ్ళీ బస్సెక్కింది. మదనపల్లె బస్టాండులో ఆమెను చూడగానే పూలమ్మే రత్నమ్మ బుట్ట కింద పెట్టి వచ్చి కావలించుకుంది. డెబ్భై దాటిన రత్నమ్మ రోజూ పుంగనూరు నుంచి ఆ బస్సులోనే వచ్చిపోతుంది. “నువ్వు లేకుంటే బస్సు బస్సు మాదిరే లేదమ్మే” అంది.

ఓట్ల రోజు ప్రతి మండలంలోనూ ఒక చోట పెట్టెలు పెట్టారు. చౌడేపల్లెలో పొద్దున్నే వరుస రోడ్డు దాకా వచ్చింది. కుప్పంలో జయచంద్ర మనుషులు ఆటోలు పెట్టి మరీ ఆడవాళ్ళను తీసుకొచ్చారు. దిగినవాళ్ళు ప్లాస్టిక్ కవర్లలోంచి కార్డులు తీసి, పుస్తకంలో సంతకం పెట్టి, చీటీ తీసుకుని తెర వెనక్కి పోతుంటే, ఆయన మనుషులు సంతృప్తిగా టీలు తాగుతున్నారు. నేనూ అక్కడే ఉన్నాను. వేలిముద్ర వేసేవాళ్ళకోసం పెట్టిన ఇంకుప్యాడ్‌ను చాలామంది ముట్టుకోలేదు. అందరూ వంగి, నిదానంగా, పూర్తి పేరు రాశారు. నా వార్త తప్పవుతుందేమోనన్న అనుమానం మొదటిసారి అక్కడే పుట్టింది.

మర్నాడు లెక్కింపు మదనపల్లెలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. మొదట తెరిచింది మదనపల్లె పట్నం పెట్టెలు. ఉదయ్ కిరణ్ ముందున్నాడు, జయచంద్ర వెనకాలే, యమున మూడో స్థానంలో. నా ఫోను మోగడం మొదలైంది. ‘కండక్టరమ్మ యాడుండాది?’ అని సందేశాలు. యమున గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగకుండా అలాగే పట్టుకుని ఉంది.

మధ్యాహ్నానికి పుంగనూరు, చౌడేపల్లె పెట్టెలు తెరిచారు. యమున మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి వచ్చింది. అయినా జయచంద్ర ముఖంలో మార్పు లేదు. కుప్పం పెట్టెలు ఇంకా తెరవలేదు. వాటిలో పన్నెండువేల పైచిలుకు ఓట్లున్నాయి. అవి తనవేనని ఆయన ధీమా. పలమనేరు, వి.కోట అయ్యేసరికి యమున ఆధిక్యం రెండున్నర వేలు. మండపంలో అందరూ లేచి నిలబడ్డారు.

కుప్పం మొదటి పెట్టెలో యమునకు ముప్పై ఓట్లు ఎక్కువొచ్చాయి. పొరపాటేమోనని మళ్ళీ లెక్కపెట్టించారు. ముప్పై రెండయ్యాయి. రెండో పెట్టె, మూడో పెట్టె... చీటీలు విప్పుతున్న కుర్రాళ్ళు ‘యమున, యమున, జయచంద్ర, యమున’ అని చదువుతుంటే, హాల్లో వాళ్ళంతా ఆ బల్లల చుట్టూ మూగారు. జయచంద్ర సొంత ఊళ్ళో ఆరువందల ఓట్లు వెనకబడ్డాడు. మొత్తం మీద మూడువేల నూటపద్దెనిమిది ఓట్ల తేడాతో యమున గెలిచిందని ప్రకటించారు. ఆయన లేచి వచ్చి యమునకు నమస్కారం పెట్టాడు. అంతమందిని పార్టీలో చేర్పించింది తానేనన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది.

నేను కెంపమ్మకు ఫోను చేశాను. ఎత్తలేదు. డ్యూటీలో ఎత్తదు.

ఆ సమయానికి ఆమె బస్సు కుప్పం నుంచి తిరిగొస్తూ పలమనేరు దాటింది. లోపల డెబ్భైమంది దాకా ఉన్నారు. ఆ తర్వాత జరిగింది శివకుమార్ చెప్పాడు. వెనక సీట్లో ఒక అమ్మాయి ఫోను చూసి “గెలిచిందీ!” అని కేక పెట్టిందట. మరుక్షణం బస్సంతా కేకలు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు. ఎవరో ఈలవేశారు. శివకుమార్ అద్దంలో చూస్తే, కెంపమ్మ కంబీ పట్టుకుని, తల పైకెత్తి, నోరారా నవ్వుతోంది. “ఇరవై రెండేళ్ళు ఆయమ్మతో బండి తోలినాను. అంత గట్టిగా నవ్వేది ఎప్పుడూ వినలేదు” అన్నాడు. తర్వాత ఆమె తేరుకుని, “కుప్పంలో ఎట్లొచ్చినాయి సూడు పాపా!” అని అడిగిందట. ఆరువందలు ఎక్కువ అని ఆ అమ్మాయి చదవగానే, కెంపమ్మ అరచేత్తో సీటు మీద టప్పుమని ఒకటి కొట్టింది. “నా చెవే! ఈసారి నా చెవే చెప్పింది!” అంది.

నేను బైకు మీద పుంగనూరు చేరేసరికి యమున ఊరేగింపు బస్టాండు దాకా వచ్చేసింది. అదే వేళకు కుప్పం బస్సు లోపలికి వచ్చింది. జనం చుట్టుముట్టారు. నెలరోజులుగా ఎగతాళి చేసిన టీకొట్టు బ్యాచి అంతా వరుసగా వచ్చి కెంపమ్మ చేతులు పట్టుకున్నారు. ఒకడైతే “అమ్మా, నన్ను మన్నించు, నీ వీడియోకు పాట జోడించింది నేనే” అన్నాడు. “పాట బాగుండింది లేప్పా” అంది ఆమె.

యమున జీపు దిగి జనంలోంచి నడిచి వచ్చింది. బస్సు మెట్టుమీద నిలబడ్డ కెంపమ్మ ముందు ఆగింది. ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి అంటే ఎవరూ నమ్మరు.

“కెంపమ్మా, నాకంటే ముందు నువ్వు నమ్మినావు. మండపంలో మూడో స్థానంలో ఉండామని చెప్పినప్పుడు, నీ మాటే తలుచుకుంటా కూచోనుండాను.”

“నేను నమ్మింది నిన్ను కాదు తల్లీ, నీ గురించి మాట్లాడిన ఆడోళ్ళను” అంది కెంపమ్మ. “రేపట్నుంచి గూడా వింటానే ఉంటా. నువ్వు మంచి చేసినా ఈడే వింటా, చెడు చేసినా ఈడే వింటా.”

“చెప్పు. ఏదైనా సరే, నాకొచ్చి చెప్పు” అంది యమున. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. మెడలోని పెద్ద బంతిపూల దండ తీసి కెంపమ్మ మెడలో వెయ్యబోయింది. జనం చప్పట్లు. కెంపమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి వెనక్కి జరిగింది.

“వద్దు తల్లీ. ఒంటి మీద యూనిఫాం ఉండాది. దండ ఏసుకోకూడదు.”

యమున దండ పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడింది. అప్పుడే ఖాళీ పూలబుట్ట చంకన పెట్టుకుని గుంపులో నిలబడి ఉన్న రత్నమ్మ ముందుకొచ్చింది. “నాకు యూనిఫాం లేదు గదా!” అని ఆ దండ లాక్కుని తన మెడలో వేసుకుంది. బస్టాండు మొత్తం నవ్వులతో మోగిపోయింది. రత్నమ్మ ఆ దండతోనే బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి అందరికీ చెయ్యి ఊపింది. ఇల్లు పుంగనూరులోనే అయినా, మదనపల్లె పోయేదాకా దిగనంది. కెంపమ్మ ఆమె చేతిలో జీరో టిక్కెట్టు పెట్టి, వెనక్కి తిరిగి, “పోనీ శివకుమారా, పోనీ! రైట్ రైట్!” అని పెద్ద గొంతుతో అరిచింది.